మూతి లేని కణాలు

సంతకం పెట్టబోతున్న డాక్టరమ్మ కలం గాల్లోనే ఆగింది. దాని కింద, టైపు కొట్టిన రిపోర్టు మీద, నా తడిచెయ్యి. కిందటివారం సంచికలో మనం విడిపోయింది ఆ క్షణంలోనే.

మధ్యలో వచ్చి చదువుతున్నవారికి ఒక్క గుక్కలో చెప్పేస్తాను. నా పేరు చిలకమ్మ. ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, గోల్‌మురి మార్కెట్టు వెనక ఒక చిన్న ల్యాబులో గాజుసామాను కడుగుతాను. మా ఆయన పోలరాజు కాంట్రాక్టు పనులు పట్టే ఒక ఠేకేదారు షెడ్డులో మెషీను భాగాలకి పట్టిన గ్రీజు కడుగుతాడు. ఆ కడిగే మందుకి అసలు పేరేదో డ్రమ్ము మీద రాసి ఉంటుంది గాని, షెడ్డులో అందరూ దాన్ని ఠండా అంటారు. చేతిమీద పడితే మంచుముక్క పెట్టినట్టు చల్లబడి, చూస్తుండగానే ఆరిపోతుంది. పోయిన డిసెంబరులో భోపాలు గ్యాసు సంగతి విన్న దగ్గర్నుంచి షెడ్డులో మనుషులు ఏ డ్రమ్ము దిగినా ఇదేమిటని అడగడం మొదలెట్టారు. వాళ్ళకి చూపించడానికి ఒక కాగితం కావాలని ఠేకేదారు సీసాడు ఠండా మా ల్యాబుకి పంపాడు. మా డాక్టరమ్మ జ్ఞానరత్నంగారు గాజుపళ్ళేల్లో పెంచిన కణాల మీద దాన్ని పోసి చూశారు. కణాలు చావలేదు. హాని లేదని రిపోర్టు తయారైంది.

సరిగ్గా అదే వారంలో, రెండేళ్ళు నిండని నా కూతురు బంగారికి పెదవి తిమ్మిరెక్కింది. పాలు తాగుతుంటే ఓ పక్కనుంచి కారిపోతాయి, దానికి తెలియదు. వేడి గంజి గరిటె బుగ్గకి తగిలి కమిలిపోయినా అది ఏడవలేదు.

పిల్ల ఏడిస్తే భయపడే తల్లుల్ని చూశాను. ఏడవకపోతే భయపడ్డ తల్లిని నేనే.

శనివారం, ఒంటిగంటన్నర. బయట వాన. రిపోర్టు పట్టుకెళ్ళడానికి వచ్చిన ఠేకేదారు మనిషి వరండాలో గొడుగు ముడుచుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ నా మీద అరవలేదు. నా చెయ్యి మెల్లిగా పక్కకి తీసి, తడిసిన కాగితం మీద అద్దుడు కాగితం వేసి, ఎందుకిలా చేశావని అడిగారు. నేను పిల్ల సంగతి చెప్పాను. ఠండా సీసా ఒకటి మా ఇంట్లో ఉండేదనీ, పిల్ల దాని మూత నాకి ఉంటుందనీ, గురువారంనాడు అనుమానం తగిలి ఆ సీసాని ఇంట్లోంచి పంపేశాననీ చెప్పాను. ఆ సీసా ఇంట్లో ఎందుకుందో మాత్రం చెప్పలేదు.

"రా, నీ కళ్ళతోనే చూద్దువుగాని" అని ఆవిడ నన్ను లోపలి గదికి తీసుకెళ్ళారు.

రెండేళ్ళుగా ఆ గది పళ్ళేలు కడుగుతున్నాను గాని, వాటిలో ఏముంటుందో ఎప్పుడూ చూడలేదు. కడగడం ఒక్కటే తెలుసు. కుళాయి నీళ్ళతో ఏడుసార్లు, మరిగించి ఆవిరి దింపిన నీళ్ళతో మూడుసార్లు. కొత్తలో ఒకసారి అయిదుసార్లే కడిగి ఇచ్చేస్తే, సబ్బు మరక కంటికి కనిపించకపోయినా వారంరోజులు పెంచిన కణాలన్నీ చచ్చిపోయాయి. ఆరోజునుంచీ వాటిని చంటిపిల్లలతో సమానంగా చూసుకున్నాను.

మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. చేటనిండా మసూరుపప్పు పరిచినట్టు, సందు లేకుండా, ఎర్రగా.

బతికున్న కణమే ఆ ఎర్రరంగు తాగుతుందనీ, చచ్చినది తాగదనీ డాక్టరమ్మ చెప్పారు. ఠండా ఒక్కసారి కాదు, మూడుసార్లు పోశారట. ప్రతిసారీ ముందటికంటే ఎక్కువ. నీ పిల్ల మూత నాకితే లోపలికి పోయేది ఇందులో పదోవంతు కూడా ఉండదన్నారు. ఆవిడ మాటలో గర్వం లేదు. లెక్క సరిచూసుకున్న మనిషి మాటలో ఉండే నెమ్మది ఉంది.

నేను మళ్ళీ చూశాను. నిజమే, అన్నీ బతికే ఉన్నాయి.

"ఇయి ఎక్కడియమ్మా?" అని అడిగాను.

"కోతి మూత్రపిండంలోవి. పెంచుకుంటూ వస్తున్నాం."

"అయితే ఈటికి మూతి లేదు."

ఆవిడ నా వైపు చూశారు.

"మూతి లేనోటికి మూతి తిమ్మిరెక్కినాదో లేదో ఎలాగ తెలుస్తాదమ్మా? నా పిల్ల కూడా చావలేదు. ఆడుతంది, పాడుతంది. రంగు పోసి సూత్తే అదీ ఎర్రగానే ఉంటాది."

డాక్టరమ్మ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఇంకో స్టూలు నాకు చూపించారు. రెండేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

అప్పుడావిడ చెప్పినవన్నీ నాకు అర్థమయ్యాయని అనను. అర్థమైనంత చెబుతాను. ఈ కణాలు రాకముందు ఏ మందైనా కుందేళ్ళ కళ్ళలోనూ ఎలకల కడుపులోనూ పోసి చూసేవారట. నెలలు పట్టేది, ప్రాణాలు పోయేవి. ఇప్పుడు మూడురోజుల్లో తేలిపోతుంది. అది పెద్ద మేలే. కాని పళ్ళెంలో ఉన్నది ఒక్క రకం కణం. దానికి నరం లేదు. తిన్నదాన్ని మార్చే కాలేయం లేదు. ఊపిరి లేదు. ఊరంతా ఎలా ఉందో కనుక్కోమని పంపిస్తే ఒక్క ఇంటి తలుపు కొట్టి వచ్చినట్టు ఉంటుంది అన్నారు.

"ఇది చంపిందంటే నమ్మచ్చు. చంపలేదంటే అప్పుడే నమ్మకూడదు. ఆ సంగతి నాకు తెలుసు చిలకమ్మా. తెలిసీ, తెల్లకాగితం మీద హాని లేదు అని రాశాను. అదే తప్పు."

తప్పు ఒప్పుకున్న మనిషిని ఇంకా పొడవకూడదు. కాని నా దగ్గర ఇంకో మాట ఉంది. అది కడిగేవాళ్ళకి తప్ప తెలిసే మాట కాదు.

పొద్దున్నే పళ్ళేలన్నీ నా తొట్టి దగ్గరికి వస్తాయి. ఏ పళ్ళెంలో ఏం పోశారో వాసనబట్టే చెప్పగలను. ఫినాయిలు పోసినది మర్నాటికీ ఫినాయిలు వాసనే కొడుతుంది. ఠండా పోసిన పళ్ళేలకి మాత్రం పొద్దుటికల్లా ఏ వాసనా ఉండేది కాదు. మంచినీళ్ళు పోసినట్టుండేవి. ఇంట్లో సీసా మూత సరిగ్గా బిగించకపోతే తెల్లారేసరికి సగం ఉండదు. ఈ మాటే ఆవిడకి చెప్పాను.

ఆవిడ లేచి, కణాల్ని పెంచే వెచ్చటి పెట్టె తలుపు తీసి, ఒక పళ్ళేన్ని వెలుతురులో పెట్టి చూశారు. కణాలకి గాలి కావాలని ఆ పళ్ళేల మూతలు వదులుగానే ఉంటాయి. మూతని వేలితో ఎత్తారు, దించారు. మళ్ళీ ఎత్తారు.

"ఎంత పోశానో రాసుకున్నాను. అది పళ్ళెంలో ఎంతసేపు ఉందో చూడలేదు" అన్నారు.

వరండాలోంచి ఠేకేదారు మనిషి తొంగిచూసి, "మేడమ్, హో గయా?" అని, పనైపోయిందా అన్నట్టు అడిగాడు. ఆవిడ అటు తిరగకుండానే కూర్చోమని చెయ్యి ఊపారు.

నేను గెలిచాననుకున్నాను. చీర కుచ్చెళ్ళు సర్దుకుని లేవబోయాను. అప్పుడు డాక్టరమ్మ అడిగారు ఒక ప్రశ్న. అడిగింది నన్ను ఓడించడానికి కాదు. నిజంగా తెలియక.

"సరే. నా పరీక్ష చాలదు. కాని నువ్వే చెప్పు. షెడ్డులో మీ ఆయనతో కలిపి పదకొండుమంది. రోజూ మోచేతులదాకా అందులోనే. వాళ్ళ మూతికి ఏమీ కాలేదు. ఒకసారి మూత నాకిన పిల్లకెందుకైంది?"

ఫ్యాక్టరీ రెండుగంటల భోంపూ మోగింది. మోగినంతసేపూ ఆ గది కిటికీ అద్దాలు సన్నగా వణుకుతాయి. ఆ చప్పుడు ఆగేదాకా నాకు ఆలోచించుకోవడానికి టైము దొరికింది.

షెడ్డులో మగవాళ్ళకి లేదు. మా ఇంట్లో పిల్లకుంది. ఆపైన నాకూ ఉంది. పది రోజులుగా నా పై పెదవి మీద చీమ పాకినట్టుంటే, కిళ్ళీలో సున్నం ఎక్కువైందనుకున్నాను. మా ఎదురింటి దాలమ్మ వదినకీ ఉంది. దవడ సలుపు తట్టుకోలేక సాక్చీ బజారులో ఒకటి తర్వాత ఒకటి రెండు పళ్ళు పీకించుకుంది. పళ్ళు పోయాయి గాని సలుపు పోలేదు. ఆ ఊడిన పళ్ళని కాగితంలో చుట్టి తెచ్చి నాకు చూపించింది, ఎక్కడా పుప్పి లేదు చూడవే అని.

మగవాళ్ళకి లేదు. ఉతికే ఆడవాళ్ళకే ఉంది. వాళ్ళ పక్కన కూర్చునే పిల్లకుంది.

ఇంక దాచి లాభం లేదు. చెప్పడం మొదలెట్టాను.

మా సిద్ధగోరా వీధిలో షెడ్డు బట్టలు మామూలుగా ఉతికితే పోవు. కోసిన నూనెడబ్బాలో నీళ్ళు పోసి, చాకలి సోడా గుప్పెడు వేసి, బట్టలు ముంచి, పైన రేకు మూత పెట్టి బొగ్గుల పొయ్యిమీద ఉడకేస్తాం. అలా ఉడికినా గ్రీజు చొక్కా మెడకీ జేబులకీ పట్టుకునే ఉండేది. పోయిన చలికాలం మా ఆయన అన్నాడు, షెడ్డులో ఠండా తగిలితే గ్రీజు కారిపోతుందని. అయితే కాస్త తెమ్మన్నాను. టిఫిను సంచిలో షర్బత్తు సీసా పెట్టి తెచ్చాడు. ఉడుకుతున్న డబ్బాలో రెండు మూతలు పోశాను. బట్టలు దుకాణంలో మడతపెట్టిన వాటిలా వచ్చాయి.

నాకు ఎంత సంబరమైందో. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నేను కనిపెట్టిన సంగతి అది. దాలమ్మ వదినకి నేర్పాను. ఆవిడ ఇంకో ఇద్దరికి నేర్పింది. మా వీధిలో నాలుగిళ్ళ మగవాళ్ళు తెల్లటి కాలర్లతో డ్యూటీకి వెళ్తుంటే, గుమ్మంలో నిలబడి చూసుకునేదాన్ని.

"సీసా అందుకే ఉందమ్మా ఇంట్లో" అన్నాను. "దొంగతనం అంటే దొంగతనమే. మా ఆయన్ది కాదు, నాదే."

డాక్టరమ్మకి దొంగతనం పట్టలేదు. ఆవిడ మొహం వేరుగా ఉంది.

"సోడా ఎంత వేస్తావు?"

"గుప్పెడు."

"మూత పెడతావా?"

"పెడతాను. ఆవిరి పోతే ఉడకదు కదమ్మా."

"పొయ్యి ఎక్కడ?"

చలికాలమంతా పెరట్లోనే అని చెప్పాను. జూన్లో వానలు పడ్డ దగ్గర్నుంచి లోపలికి మార్చాం. జల్లు కొడుతుందని తలుపు కూడా వేసేస్తాం.

"పిల్ల?"



"పొయ్యి పక్కనే. ఎచ్చగా ఉంటాదని, నానే పీటేసి కూకోబెట్టినాను."

ఆవిడ బీరువా తెరిచి, అడుగునుంచి అట్ట ఊడిన లావుపాటి పుస్తకం తీశారు. నిలబడే తిప్పారు. ఇలాంటి ద్రవాన్నే ఒకప్పుడు ఆపరేషన్లకి మత్తుమందుగా వాడేవారట. రోగి వదిలిన ఊపిరి శుభ్రపడాలని ఆ గాలిని సున్నం లాంటి క్షారం నింపిన డబ్బాలోంచి పోనిచ్చారట. మత్తు వదిలాక కొందరు రోగులు మొహం తిమ్మిరని చెప్పారట. మందులో లేని విషం, మందూ క్షారమూ వెచ్చగా కలిసినచోట పుట్టింది. మొహంలో స్పర్శ తెలిపే నరాన్నే వెతుక్కుంటూ పోయే విషం అది. ఇది చదివి పన్నెండేళ్ళయిందనీ, పరీక్షకి చదివి మర్చిపోయాననీ అన్నారు.

"డ్రమ్ములో ఉన్నది పరీక్ష చేశాను. నీ డబ్బాలో ఉన్నదాన్ని పరీక్ష చెయ్యాలని నాకు తట్టలేదు. ఎవరికీ తట్టదు."

"సెప్పాల్సింది నానే కదమ్మా."

"నిన్ను అడగాల్సింది నేను. రెండేళ్ళుగా ఆ తొట్టి దగ్గరే ఉన్నావు."

నేను అడగాలనుకున్నది ఆవిడే ముందు చెప్పేశారు. ఇలాంటి నరం చాలామందికి మళ్ళీ కోలుకుంటుంది. నెలలు పడుతుంది గాని కోలుకుంటుంది. కాని ఇకమీదట ఆ ఆవిరి పిల్లకి సోకకూడదు. ఇంకోసారి గదినిండా పీలిస్తే, అంత చిన్నప్రాణం సంగతి తాను చెప్పలేనన్నారు. ఆ మాట విని నాకు ఏడుపు రాలేదు. కోలుకుంటుంది అన్న ముక్కని గట్టిగా పట్టుకున్నాను. సోకకుండా చూడ్డం నా చేతిలో పని. నా చేతిలో పని ఉందంటే నాకు ధైర్యం వస్తుంది.

డాక్టరమ్మ రిపోర్టు తీసి, హాని లేదు అన్న వాక్యం మీద అడ్డంగా గీత కొట్టారు. కింద స్వయంగా రాశారు. ఈ పరీక్ష చాలదు, అభిప్రాయం ఇవ్వలేను, క్షారంతో కలిపి వేడిచేయరాదు అని. ఠేకేదారు మనిషి అది చదివి మొహం మాడ్చుకున్నాడు. సాబ్ ఒప్పుకోరు అన్నాడు. ఒప్పుకోకపోతే నన్నే వచ్చి కలవమను అన్నారావిడ. అతను గొడుగు విప్పుకుని వానలోకి పోయాడు.

మళ్ళీ లోపలికొచ్చి, మైక్రోస్కోపుకి గుడ్డ కప్పుతూ, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నారు. "మనిషి నరం కణాల్ని, కాలేయం కణాల్ని కూడా పెంచే రోజు వస్తుంది. బిగించిన సీసాల్లో, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తారు. మనం లేకపోయినా మన పిల్లలు చూస్తారు. అయినా సరే, అందులో ఠండా ఒక్కటే పోస్తే నీ పిల్ల జబ్బు అప్పటికీ దొరకదు. ఈ సరుకు ఎవరింటికి వెళ్తుంది, అక్కడ దేన్లో కలుస్తుంది అని ముందు అడగాలి. ఆ తర్వాతే పళ్ళెం."

నేను తలూపాను. సోమవారం పిల్లని తీసుకురమ్మనీ, నరాల డాక్టరుకి చీటీ రాసిస్తాననీ అన్నారు. ఆ తర్వాత, చేతులు కడుక్కుంటూ, మామూలుగా అడిగారు.

"ఇప్పుడెక్కడుంది పిల్ల?"

"మా ఎదురింట్లోనమ్మా, దాలమ్మొదిన దగ్గిర."

చెప్పిన మాట నా చెవికే వేరేగా వినిపించింది.

గోడగడియారం చూశాను. రెండు ముప్పావు. దాలమ్మ వదిన భర్త అప్పలసూరి పొద్దుటి షిఫ్టు. భోంపూ మోగాక ఇరవై నిమిషాల్లో సైకిలు మీద ఇల్లు చేరతాడు. ఆదివారం సెలవు గనక, శనివారం మధ్యాన్నం అతను బట్టలు విప్పీ విప్పగానే వదిన డబ్బా పొయ్యికెక్కిస్తుంది. గురువారంనాడు నేను ఇంట్లోంచి పంపేసిన సీసా ఎక్కడికి పంపానో మీకింకా చెప్పలేదు. పారబొయ్యడానికి మనసొప్పలేదు. పిల్లకి అందకుండా ఉంటుందని, వదిన వాళ్ళ అటక మీద నా చేత్తోనే పెట్టి వచ్చాను. వాడుకో వదినా అని కూడా అన్నాను.

ఇదంతా డాక్టరమ్మకి ఎన్ని మాటల్లో చెప్పానో గుర్తులేదు. ఆవిడ మోపెడ్ తాళంచెవి తీసుకోవడం గుర్తుంది. వానలో ఇద్దరం తడుస్తూ పోతుంటే, ఆవిడ వెనక్కి తిరక్కుండా గట్టిగా చెబుతూనే ఉన్నారు. లోపలికి వెళ్ళేముందు గుండెనిండా ఊపిరి పట్టు. లోపల పీల్చకు. డబ్బా ముట్టుకోకు, నీళ్ళు పోయకు. ముందు మనుషులు, తర్వాత తలుపులు, అన్నిటికీ ఆఖర్న డబ్బా. నేను ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పాను, బడిలో ఎక్కాలు చెప్పినట్టు. ఒక్కటీ తప్పలేదు.

మా వీధి మలుపులో మోపెడ్ ఆగేలోపే దూకేశాను.

అప్పలసూరి సైకిలు గోడకి లేదు. బట్టలు విప్పిపడేసి కిరసనాయిలు లైనుకి పోయుంటాడు. తలుపు మూసుంది. తోశాను. లోపల గొళ్ళెం. పై వెంటిలేటరులోంచి తెల్లటి ఆవిరి వస్తోంది, ఆ ఆవిరితో పాటు నాకు బాగా తెలిసిన తియ్యటి వాసన. లోపల డబ్బా మీద రేకు మూత టకటకమని కొట్టుకుంటోంది.

"వదినా" అని పిలిచాను. మూత చప్పుడు తప్ప ఏమీ లేదు.

"బంగారీ."

ఏమీ లేదు.

డాక్టరమ్మని పెరటి తలుపువైపు పొమ్మన్నాను. ఆవిడ నా మాట విని పరుగెత్తారు. ఆ ముందు తలుపు గొళ్ళేన్ని బిగించింది మా ఆయనే, నాలుగు పొట్టి మేకులతో. రెండు తన్నులకంటే ఎక్కువ ఆగదని నాకు తెలుసు. చీర పైకి దోపుకుని, గుండెనిండా ఊపిరి పట్టి, మొదటి తన్ను తన్నాను.

మేకులు కదిలాయి. తలుపు బెత్తెడు లోపలికి వెళ్ళి, అక్కడ దేనికో తగిలి ఆగి, మెత్తగా వెనక్కి వచ్చింది. చెక్కకి చెక్క తగిలినట్టు లేదు. తలుపుకి ఆనుకుని, కింద గడప దగ్గర, ఎవరో ఉన్నారు.

రెండో తన్నుకి ఎత్తిన కాలు గాల్లోనే ఆపేశాను.